లాలూచీ కుస్తీలో నిజం కుస్తీ: మిల్డ్రెడ్ బర్క్ (గోదా చరిత్ర – 7వ భాగం)

మిల్డ్రెడ్ బర్క్ అమెరికాలో ఆడవాళ్ల కుస్తీని కూడుపెట్టే వృత్తిగా నిలబెట్టిన వస్తాదు. 1937లో ప్రపంచ మహిళా చాంపియన్ అనిపించుకుని, 1954 దాకా ఆ బెల్టు తన నడుము మీదే ఉంచుకుంది. మనిషి చూస్తే పొట్టి. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 138 పౌన్లు, అంటే 63 కిలోలకు కాస్త తక్కువ. అప్పటి ఫొటోల్లో మాత్రం ఆ భుజాలూ తొడలూ ఏ వ్యాయామశాల కుర్రాడికైనా ఈర్ష్య పుట్టించేలా ఉంటాయి.

ఆమె అసలు పేరు మిల్డ్రెడ్ బ్లిస్. 1915 ఆగస్టు 5న కాన్సస్ రాష్ట్రంలోని కాఫీవిల్ అనే చిన్న పట్టణంలో పుట్టింది. ఇంట్లో కలిమి లేదు. తల్లిదండ్రులు విడిపోయారు, చదువు మధ్యలోనే ఆగిపోయింది. పదిహేనేళ్ల వయసుకే న్యూమెక్సికోలో ఒక భోజనశాలలో వడ్డన పనికి కుదిరింది. పదిహేడేళ్లకు పెళ్లి చేసుకుని భర్తతో కాన్సస్ సిటీ చేరింది. ఒకనాడు భర్త కుస్తీ పోటీ చూడడానికి ఆమెను వెంట తీసుకెళ్లాడు. రింగులో ఒకణ్నొకడు ఎత్తి పడేసుకుంటున్న మగవాళ్లను చూస్తూ కూర్చున్న మిల్డ్రెడ్‌కు అక్కడే ఒక కోరిక పట్టుకుంది: ఆ పని తనూ చెయ్యాలి. కొన్నాళ్లకే భర్త ఆమెను వదిలేసి పోయాడు. అప్పటికి ఆమె గర్భవతి.

అవి మహామాంద్యం రోజులు. 1933 నాటికి అమెరికా శ్రామికుల్లో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. తల్లి నడిపే చిన్న హోటల్లో వడ్డిస్తూ, పురిటి బిడ్డను సాకుతూ మిల్డ్రెడ్ రోజులు నెట్టుకొచ్చింది. ఆ హోటలుకు వచ్చిపోయేవాళ్లలో బిల్లీ వోల్ఫ్ ఒకడు. మిసోరీ రాష్ట్రంలో మిడిల్‌వెయిట్ విభాగంలో పేరున్న వస్తాదు, ఆమెకంటే పందొమ్మిదేళ్లు పెద్ద. అప్పటికే కొందరు ఆడవాళ్లకు కుస్తీ నేర్పి ఊరూరా తిప్పుతున్నాడు. తనకూ నేర్పమని మిల్డ్రెడ్ వెంటపడింది. అతను ఒప్పుకోలేదు. విడవకుండా అడుగుతుంటే, ఆ పీడ వదిలించుకోవడానికి ఒక కుర్ర వస్తాదును పిలిచి, ఈమెను ఎత్తి గట్టిగా పడెయ్యి, మళ్లీ ఇటు రాదు అని పురమాయించాడట. ఎత్తబోయిన కుర్రాడే నేల కరిచాడు. ఈ కథ ఆమె స్వయంగా చెప్పుకున్నది. కుస్తీవాళ్లు తమ గురించి చెప్పుకునే కథల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే పడుతుంది. అయినా తర్వాత జరిగింది చూస్తే దీన్ని కొట్టిపారెయ్యడం కష్టం. వోల్ఫ్ ఆమెను శిష్యురాలిగా చేర్చుకున్నాడు, బర్క్ అనే పేరు వచ్చింది, 1936లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

బర్క్ తొలి గోదా సంత డేరా. ఆ కాలంలో ఊరూరా తిరిగే కార్నివాల్ జాతరల్లో రంగులరాట్నం, జోస్యాల గుడారం పక్కన కుస్తీ డేరా ఒకటి తప్పక ఉండేది. బయట బల్ల మీద వస్తాదులను నిలబెట్టి, గొంతున్నవాడొకడు జనాన్ని రెచ్చగొట్టేవాడు. బర్క్‌ను చూపించి వేసిన పందెం ఇది: ఈమె బరువుకు అటూ ఇటూగా ఉండే ఏ మగవాడైనా రావచ్చు, పది నిమిషాల్లో ఈమెను చిత్తు చేస్తే 25 డాలర్లు తీసుకుపోవచ్చు. కూలీనాలీ దొరకని రోజుల్లో 25 డాలర్లంటే చిన్న మాట కాదు. రైతు బిడ్డలు, గనుల్లో పనిచేసేవాళ్లు, ఊళ్లో మొనగాడని పేరు పడ్డవాళ్లు వరసకట్టేవాళ్లు. టిక్కెట్టు కొన్న జనం లోపల కిక్కిరిసేవాళ్లు. అలా ఆమె సుమారు 200 మంది మగవాళ్లతో పట్టుపట్టిందనీ, ఒక్కడి చేతిలోనే ఓడిందనీ లెక్క చెబుతారు.

ఈ లెక్కను నమ్మేముందు ఆ ఆట మర్మం తెలుసుకోవాలి. ప్రేక్షకుల కోసం ఆడే వృత్తి కుస్తీలో ఎవరు గెలవాలో ముందే తేల్చుకుని రింగెక్కుతారు. తెలుగులో దానికి ఎప్పటినుంచో మాట ఉంది, లాలూచీ కుస్తీ. అమెరికా వస్తాదులు దాన్ని వర్క్ అంటారు. లాలూచీ లేకుండా నిజంగా తలపడితే అది షూట్. ఈ గుట్టు బయటివాళ్లకు పొక్కకుండా కాపాడే కట్టుబాటును కేఫేబ్ అనేవాళ్లు. సంత డేరాలో రెండూ కలగలిసి ఉండేవి. జనంలోంచి లేచివచ్చే మొనగాడు ఒక్కోసారి డేరావాళ్ల మనిషే. కాకపోతే మాత్రం అది నిజం కుస్తీయే. ఎలా ఓడిపోవాలో ఆ పల్లెటూరి యువకుడికి ఎవరూ నేర్పలేదు కదా! 25 డాలర్లు పోతే ఆ రాత్రి డేరాకు మిగిలేది ఏమీ ఉండదు. అందుకే డేరా వస్తాదులు ప్రదర్శనకు పనికొచ్చే విన్యాసాలతోపాటు, కీలు విరవగల అసలు పట్లు కూడా నేర్చుకునేవాళ్లు.

కండబలంలో తనకంటే మిన్న అయిన మగవాణ్ని ఒక స్త్రీ ఎలా నిలువరించిందన్న ప్రశ్నకు జవాబు పందెం నిబంధనలోనే ఉంది. ఆమె గెలవనక్కర్లేదు, పది నిమిషాలు చిత్తు కాకుండా ఉంటే చాలు. వెల్లకిలా పడ్డప్పుడు తలా పాదాలూ మాత్రమే నేలకు ఆనించి, నడుమును విల్లులా పైకి వంచితే భుజాలు నేలకు తగలవు. కుస్తీలో దీన్ని బ్రిడ్జి అంటారు. దీనికి మెడ ఉక్కులా ఉండాలి. బర్క్ రోజూ సాధన చేసి మెడనూ నడుమునూ అందుకు తయారు చేసుకుంది. పైనున్నవాడు తన బరువంతా వేసి అదుముతూ నాలుగైదు నిమిషాల్లోనే రొప్పడం మొదలుపెడతాడు. పొలం పని చేసే ఒళ్లైనా సరే, ఊపిరి బిగబట్టి పెనుగులాడడం దానికి అలవాటు లేని పని. అతను అలిశాక ఆమె తిరగబడేది. ఈ డేరా చదువే ఇరవై ఏళ్ల తర్వాత అట్లాంటాలో ఆమెకు అక్కరకొచ్చింది.

సంతల నుంచి పెద్ద రింగులకు మారడానికి ఒక బెల్టు కావాలి. బర్క్‌కు ముందు కోరా లివింగ్‌స్టన్ లాంటి మహిళా వస్తాదులు చాంపియన్లు అనిపించుకున్నారు గానీ, వాళ్ల పోటీలు నాటకశాలల్లో, సంతల్లో వినోదంగానే సాగాయి. 1930ల నడుమ ఆ బిరుదు క్లారా మోర్టెన్‌సన్ దగ్గర ఉంది. 1937 జనవరిలో టెనసీ రాష్ట్రంలోని చట్టనూగాలో బర్క్ ఆమెను ఓడించింది. తర్వాతి నెలల్లో బిరుదు అటూ ఇటూ చేతులు మారినా, ఆ ఏడాదిలోనే బర్క్ దగ్గర స్థిరపడింది.

తర్వాత పదిహేనేళ్లూ రోడ్డు మీదే గడిచాయి. రాత్రి కుస్తీ, తెల్లవార్లూ కారు ప్రయాణం, మర్నాడు ఇంకో ఊరు. అనేక రాష్ట్రాల్లో ఆడవాళ్ల కుస్తీని చట్టమో, క్రీడా కమిషనో నిషేధించింది. న్యూయార్క్ ఆ నిషేధాన్ని 1972లో గానీ ఎత్తెయ్యలేదు. అనుమతి ఉన్నచోట మాత్రం జనం విరగబడేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి మగ వస్తాదులు సైన్యంలోకి వెళ్లడంతో ఖాళీ పడ్డ పోటీలు ఆడవాళ్లకు దక్కాయి. బర్క్ తెల్లటి శాటిన్ అంగీ మీద రాళ్లు పొదిగించుకుని, వేళ్లకు వజ్రాలు పెట్టుకుని రింగులోకి నడిచివచ్చేది. మగరాయుడిలా కనిపిస్తుందన్న విమర్శకు అది జవాబు, వ్యాపారం కూడా. ఆ అంగీ తీసెయ్యగానే కింద కనిపించే కండలే అసలు ఆకర్షణ. క్రీడల్లో పది లక్షల డాలర్ల సంపాదన చూసిన తొలి మహిళ ఆమేనని, 2009లో ఆమె జీవిత చరిత్ర ప్రచురించిన పాత్రికేయుడు జెఫ్ లీన్ అంటాడు.

చాంపియన్ ఎప్పుడూ గెలవాలంటే ఎవరో ఒకరు ఎప్పుడూ ఓడుతూ ఉండాలి. ఆ పని చేసినవాళ్లలో అలబామాకు చెందిన గ్లాడిస్ గిల్లెమ్ ముఖ్యురాలు. రాత్రి తర్వాత రాత్రి బర్క్ చేతిలో ఓడడమే ఆమె కొలువు. చక్కగా ఓడడం సులువైన విద్య కాదు. ఎక్కడ ప్రతిఘటించాలో, ఎప్పుడు జనంలో ఆశ రేపాలో, ఏ క్షణంలో భుజాలు నేలకు వదిలెయ్యాలో తెలియాలి. విరిగే ఎముకలు మాత్రం గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ఒక్కలాగే విరుగుతాయి. గిల్లెమ్ తర్వాతి కాలంలో కుస్తీ వదిలి సింహాలను ఆడించింది, మొసళ్లతో పట్లు పట్టింది. ముసలితనంలో, 2004లో వచ్చిన ‘లిప్‌స్టిక్ అండ్ డైనమైట్’ అనే డాక్యుమెంటరీలో ఈ కబుర్లన్నీ నవ్వుతూ చెప్పుకొచ్చింది.

రింగులో బర్క్ రాణి. లెక్కల పుస్తకం మాత్రం వోల్ఫ్ చేతిలో ఉండేది. అతను ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మకాం పెట్టి, 1940ల చివరికి సుమారు ముప్ఫై మంది మహిళా వస్తాదులను తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. దేశంలో ఏ ఊళ్లో ఆడవాళ్ల కుస్తీ పెట్టాలన్నా నిర్వాహకుడు అతనికే ఫోన్ చెయ్యాలి. ఎవరు ఎక్కడ ఆడాలో, ఎవరు గెలవాలో అతనే చెప్పేవాడు, ప్రతి ఒక్కరి సంపాదనలోనూ వాటా తీసుకునేవాడు. శిష్యురాళ్లతో అతని సంబంధాలు బహిరంగ రహస్యం. భార్యాభర్తల బంధం ఎప్పుడో కాగితానికి పరిమితమై, వ్యాపార భాగస్వామ్యంగా మిగిలింది. అయితే ఒక మాట అతని పక్షాన చెప్పాలి. నల్లజాతివాళ్లను చాలా క్రీడలు ఇంకా గుమ్మం బయటే నిలబెట్టిన 1950ల మొదట్లోనే బాబ్స్ వింగో, ఎథెల్ జాన్సన్, మార్వా స్కాట్ అనే నల్లజాతి అక్కాచెల్లెళ్లకు తర్ఫీదునిచ్చి పెద్ద వేదికలెక్కించాడు. ఆదర్శం కోసమా, టిక్కెట్ల కోసమా అంటే, అతని చరిత్రంతా చూశాక రెండోదే అనిపిస్తుంది.

1951 జులైలో ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్‌లో ఒక పోటీలో ఆడుతూ పద్దెనిమిదేళ్ల జానెట్ వోల్ఫ్ కుప్పకూలి చనిపోయింది. ఆమె వోల్ఫ్ దత్తపుత్రిక. ప్రత్యర్థులది తప్పేమీ లేదని విచారణలో తేలింది గానీ, ముందే రాసిపెట్టుకున్న ఆటలో కూడా దెబ్బలు మాత్రం నిజమైనవని లోకానికి తెలిసొచ్చింది. ఆ మరుసటి ఏడాదే బర్క్, వోల్ఫ్ విడాకులు తీసుకున్నారు.

విడాకులతో ఇల్లు రెండైంది. వ్యాపారం ఎవరిదన్నదే చిక్కు. కుస్తీ నిర్వాహకులు కొందరు 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్లూలో కూడి నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ అనే కూటమి కట్టారు. దేశాన్ని ఇలాకాలుగా పంచుకుని, ఒకరి హద్దులోకి ఒకరు రాకూడదని కట్టు పెట్టుకున్నారు. కట్టు తప్పిన వస్తాదుకు ఎక్కడా పని దొరికేది కాదు. గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా కేంద్ర న్యాయశాఖ దావా వేసి, 1956లో ఈ కూటమి చేత రాజీ ఒప్పందం మీద సంతకం పెట్టించేదాకా ఇది సాగింది. ఆ కూటమి మగవాళ్ల కొలువు. వోల్ఫ్ అందులో సభ్యుడు, బర్క్‌కు చోటు లేదు. మహిళల వ్యాపారంలో వోల్ఫ్ వాటాను తాను కొనుక్కుని, అతను కొన్నేళ్లు పక్కన ఉండేలా ఆమె ఒప్పందం చేసుకుంది. అతను ఆగలేదు. కొత్తగా మళ్లీ మహిళా వస్తాదులను కూడగట్టాడు, పాత నిర్వాహకులు అతని వైపే మొగ్గారు. తన బెల్టు తన దగ్గరే ఉన్నా, ఆ బెల్టుతో ఆడటానికి ఊరు దొరకని స్థితికి బర్క్ వచ్చింది.

వోల్ఫ్ ఇప్పుడు ముందుకు తెచ్చిన వస్తాదు జూన్ బయర్స్. హ్యూస్టన్‌కు చెందిన ఈమె బర్క్‌కంటే ఏడేళ్లు చిన్న, పొడుగరి, గట్టి మనిషి. అంతేకాదు, వోల్ఫ్ కొడుకును పెళ్లాడి అతనికి కోడలైంది. కొత్త కోడలికి పాత భార్య బెల్టు ఇప్పించాలని వోల్ఫ్ పంతం. ముందే మాట్లాడుకున్న ప్రకారం ఓడమంటే బర్క్ ఎందుకు ఓడుతుంది? ఓడమని చెప్పగల అధికారం ఇక ఎవరికీ లేదు. అందుకే 1954 ఆగస్టు 20న అట్లాంటాలో, చాలా ఏళ్లుగా ఎవరూ చూడనిది జరిగింది: బిరుదు కోసం ఇద్దరు మహిళా వస్తాదులు లాలూచీ లేకుండా తలపడ్డారు.

నియమం ప్రకారం మూడు చిత్తుల్లో రెండు గెలిచినవాళ్లదే బిరుదు. బర్క్‌కు 39 ఏళ్లు, బయర్స్‌కు 32. నిజం కుస్తీ చూడడానికి అందంగా ఉండదు. గాల్లోకి ఎత్తి పడెయ్యడాలు, తాళ్ల మీదినుంచి దూకడాలు ఉండవు. ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని, ఒరుసుకుంటూ, కీలు దొరుకుతుందేమోనని వెతుకుతూ నిమిషాలకు నిమిషాలు ఒకేచోట గింజుకుంటారు. వినోదం కోసం వచ్చిన జనం విసుక్కున్నారు. తొలి చిత్తు బయర్స్‌కు దక్కింది. బర్క్ మోకాలు అప్పటికే దెబ్బతిని ఉంది. ఆ పెనుగులాటలో అది పట్టు తప్పిందనీ, సర్దుకునే వ్యవధి కోసమే తొలి చిత్తు వదులుకున్నాననీ ఆమె తర్వాత చెప్పింది. అందులో నిజమెంతో గానీ, రెండో చిత్తు మాత్రం బయర్స్‌కు దక్కలేదు. వెల్లకిలా అదిమినప్పుడల్లా బర్క్ వంతెనలా లేచింది. సంత డేరాలో పది నిమిషాలు నిలిచిన మెడ, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు నిలబడింది. గంట దాటింది. రెండో చిత్తు ఎటూ తేలకుండానే అధికారులు పోటీ ఆపేశారు.

ఆగిపోయిన పోటీలో రెండు చిత్తులు ఎవరూ గెలవలేదు కాబట్టి బిరుదు మారదు. బర్క్ వాదన ఇది, నియమం ప్రకారం సరైన వాదన కూడా. మర్నాటి పత్రికల్లో మాత్రం బయర్స్ గెలిచిందనే వార్త నడిచింది. తొలి చిత్తు ఒక్కటే తేలింది, అది బయర్స్‌ది, కనుక గెలుపూ ఆమెదేనని వోల్ఫ్ పక్షం చాటింది. నిర్వాహకులు అతని మాటే ఖాయం చేశారు. ఇరవై ఏళ్లపాటు ఈ రంగంలో ఫలితాలు గదిలో కూర్చుని రాసుకున్నవే. నిజం కుస్తీ పట్టినరోజున కూడా ఫలితం రాసింది ఆ గదిలోవాళ్లే. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1985 నవంబరులో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫాబ్యులస్ మూలా అనే మహిళా వస్తాదు ముసుగు వేసుకుని వచ్చి అప్పటి చాంపియన్ వెండీ రిక్టర్ దగ్గరినుంచి, ఆమెకు ముందు చెప్పకుండా, బెల్టు లాగేసుకున్న వైనం కూడా ఈ తరహాదే. మూలా తొలి రోజుల్లో వోల్ఫ్ బృందంలోనే ఉండేదన్నది గమనించదగ్గ సంగతి.

అమెరికాలో దారులు మూసుకుపోయాక బర్క్ సొంతంగా వరల్డ్ విమెన్స్ రెజ్లింగ్ అసోసియేషన్ అనే సంస్థ పెట్టి, తానే చాంపియన్‌నని ప్రకటించుకుంది. 1954 నవంబరులో మే యంగ్, గ్లోరియా బరాటిని తదితరులను వెంటబెట్టుకుని జపాన్ వెళ్లింది. జపాన్‌లో అప్పుడే కుస్తీ జ్వరం మొదలైంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో రికిడోజాన్ అనే మాజీ సుమో వీరుడు కెనడా సోదరుల జంటతో తలపడడాన్ని, కొత్తగా వచ్చిన టీవీలో చూడడానికి జనం వీధి కూడళ్లలో గుమిగూడారు. ఆడవాళ్ల కుస్తీ అక్కడ అంతకుముందు హాస్యశాలల్లో చూపించే తమాషాగానే ఉండేది. ఆ తమాషా నడిపిన ఇగారి సోదరుల చెల్లెలు సదాకో, లిలీ ఇగారి పేరుతో జపాన్ తొలి మహిళా వస్తాదుగా పేరు పొందింది. టోక్యోలోని కురమాయె కొకుగికాన్ సుమో శాలలో బర్క్ బృందం ఆడిన పోటీలకు జనం పోటెత్తారు. కండలు తిరిగిన ఆడవాళ్లు నవ్వులాటకు కాకుండా పట్టుదలతో తలపడడం వాళ్లకు కొత్త. అది చూసి అక్కడి యువతులు సాధనకు దిగారు, ఆ వెంటనే చిన్న చిన్న సంస్థలు పుట్టుకొచ్చాయి.

అవన్నీ నిలవలేదు. ఒకదాన్నొకటి తినేసి కొన్నేళ్లలో చల్లబడ్డాయి. 1968లో మత్సునాగా సోదరులు ఆల్ జపాన్ విమెన్స్ ప్రో రెజ్లింగ్ స్థాపించాకే రంగం కుదుటపడింది. ఆ సంస్థ తన అత్యున్నత బిరుదుగా ఎంచుకున్నది బర్క్ సంస్థ బెల్టునే. 1970లో ఐకో క్యో దాన్ని గెలిచి జపాన్‌కు తెచ్చింది. ఎర్ర బెల్టుగా పేరుబడ్డ ఆ బిరుదును తర్వాత జాకీ సాటో, చిగుసా నగాయో, బుల్ నకానో, అజా కాంగ్, మనామి టొయోటా లాంటి వాళ్లు ధరించారు. 1980లలో నగాయో, లయనెస్ అసూకాల జంట ‘క్రష్ గాల్స్’ పాటల రికార్డులు కూడా పాడి, బడిపిల్లలకు ఆరాధ్యులయ్యారు. పోటీలు చూడడానికి వచ్చే జనంలో అధికులు ఆడపిల్లలే. బర్క్‌ను చూడడానికి వచ్చిన అమెరికన్ జనంలో మగవాళ్లే ఎక్కువ కాబట్టి, ఆ మార్పు చిన్నదేమీ కాదు. ఆల్ జపాన్ సంస్థ 2005లో మూతపడింది, ఎర్ర బెల్టును 2006లో విరమించారు.

బర్క్ 1950ల నడుమ రింగు దిగింది. బయర్స్ కారు ప్రమాదం తర్వాత 1964లో విరమించుకుంది. వోల్ఫ్ 1963లో చనిపోయాడు. బర్క్ లాస్ ఏంజెలిస్ పక్కన ఎన్‌సినోలో వ్యాయామశాల పెట్టి అమ్మాయిలకు కుస్తీ నేర్పింది. వజ్రాలూ డబ్బూ చాలావరకు పాత తగాదాల్లోనే కరిగిపోయాయి. 1981లో రాబర్ట్ ఆల్డ్రిచ్ తీసిన ‘ఆల్ ద మార్బుల్స్’ చిత్రంలో మహిళా వస్తాదులుగా నటించిన విక్కీ ఫ్రెడరిక్, లారీన్ లాండన్‌లకు తర్ఫీదునిచ్చింది ఆమే. ఎవరు గెలవాలో ముందే రాసి ఉన్న కుస్తీని నిజంలా కనిపించేట్టు ఆడడం నేర్పాలంటే ఆమెను మించినవాళ్లు దొరకరు మరి.

1989 ఫిబ్రవరి 18న పక్షవాతంతో లాస్ ఏంజెలిస్‌లోని నార్త్‌రిడ్జ్‌లో మిల్డ్రెడ్ బర్క్ మరణించింది. ఆమె వయసు 73. ప్రొఫెషనల్ రెజ్లింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ 2002లోనూ, డబ్ల్యూడబ్ల్యూఈ తన గౌరవ జాబితాలో 2016లోనూ ఆమె పేరు చేర్చాయి. జెఫ్ లీన్ పుస్తకం ఆధారంగా తీసిన ‘క్వీన్ ఆఫ్ ద రింగ్’ 2025 మార్చిలో అమెరికా థియేటర్లలోకి వచ్చింది. అందులో ఎమిలీ బెట్ రికార్డ్స్ బర్క్‌గా నటించింది.